టోబర్‌మోరీ మంచినీటి ఓడలు: కొత్తవాళ్లూ పాతవాళ్లూ కలిసి వెళ్లేవారికి

విజయవాడలో కూర్చుని మునిగిన ఓడలు చూడటానికి కెనడా దాకా వెళ్లడమేమిటని పటమటలో మమ్మల్ని అడగనివారు లేరు. బ్యారేజీ ఎగువన కృష్ణలో నీళ్లకేం లోటు లేదు. కానీ మునిగితే మన చెయ్యి మనకే కనపడదు. పైగా మన వైపు మునిగిన పడవ అనగానే 2019లో గోదావరిపై జరిగిన కచ్చులూరు ప్రమాదం కళ్లముందు కదులుతుంది. అందుకే మా అత్తగారికి ఇప్పటికీ ‘సరస్సులో ఈతకు వెళ్తున్నాం’ అనే చెబుతాం.

అన్నయ్య టొరంటోలో ఉండటంతో కొన్నేళ్లుగా ఆగస్టులో హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్న టోబర్‌మోరీకి వెళ్తున్నాం. టొరంటో నుంచి కారులో నాలుగు గంటల ప్రయాణం. అక్కడి ఫాథమ్ ఫైవ్ జాతీయ సముద్ర ఉద్యానంలో ఇరవైకి పైగా మునిగిన ఓడలున్నాయి. మా జట్టు చూడండి: గుంటూరులో ఉండే మరిదిగారు లోతులంటే ప్రాణం పెడతారు. నేనూ మావారూ స్కూబా డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ కోర్సు దాకా చదువుకున్నాం. చెల్లెలి కూతురు అండమాన్‌లో ఓపెన్ వాటర్ అనే తొలి మెట్టు కోర్సు మాత్రమే పూర్తిచేసింది, అంటే దాని హద్దు 18 మీటర్లు. వదిన స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని పైన తేలడానికి తప్ప మునగడానికి ఒప్పుకోదు. ఇంతమందికి కలిపి ఓడలు ఎంచాలంటే ముందు చూడాల్సింది ఓడ పేరు కాదు, దాని పైభాగం ఎంత లోతులో మొదలవుతుందన్నది. అడుగు ఎంత లోతన్నది ఆ తర్వాతి సంగతి.

ఆ లెక్కన నా మొదటి ఓటు స్వీప్‌స్టేక్స్‌కే. 1867లో కట్టిన రెండు తెరచాప కొయ్యల ఓడ. 1885లో కోవ్ ద్వీపం దగ్గర దెబ్బతింటే బిగ్ టబ్ రేవులోకి లాక్కొచ్చారు, అక్కడే మునిగింది. లోతు ఆరు మీటర్లే. అనుభవం ఉన్నవాళ్లు ‘పిల్లల ఓడ’ అని తీసిపారేస్తారు గానీ, అంత నిండుగా నిలిచిన కొయ్య ఓడను నేను ఉప్పునీటిలో ఎక్కడా చూడలేదు. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు మంచినీటిలో బతకదు, చల్లదనం కుళ్లును ఆపుతుంది. పక్కపలకల అంచు వెంట ఈదుతుంటే ఒక పలకకూ మరో పలకకూ మధ్య సందులు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు భాగంలో లంగరు గొలుసు చుట్టే ఇరుసు ఉన్నచోటే ఉంది. వదిన పైనుంచి, మేము కిందనుంచి ఒకే ఓడను ఒకే సమయంలో చూసింది ఇక్కడే. ఒక్కటే ఇబ్బంది: అద్దాల అడుగు పడవలు పర్యాటకులను తీసుకొచ్చే చోటు కాబట్టి డైవర్లకు వేరే వేళలు కేటాయిస్తారు. అవి కనుక్కోకుండా బయలుదేరకండి. అదే రేవులో 1907లో తగలబడిన సిటీ ఆఫ్ గ్రాండ్ రాపిడ్స్ అడుగుభాగం ఉంది, ఒక చూపు చూసి వస్తే చాలు.

రెండో రోజుకు రసెల్ ద్వీపం వైపు. 1901 నవంబరు తుపానులో వెట్‌మోర్ అనే ఆవిరి ఓడ, అది లాక్కెళ్తున్న జేమ్స్ సి. కింగ్ అనే ఓడ ఒకేసారి పోయాయి. వెట్‌మోర్ సుమారు తొమ్మిది మీటర్ల లోతులో ఉంది. బాయిలరు, లంగరు, గొలుసు చూస్తూ చెల్లెలి కూతురు గాలి అయ్యేదాకా పైకి రానంటుంది. కింగ్ వాలులో పడి ఉంది, పైకొస తక్కువ లోతులో, కిందికొస ముప్పై మీటర్లకు కాస్త ఇవతల. కొత్తవాళ్లు పైకొస దగ్గర తిరుగుతుంటే పాతవాళ్లు కిందికి దిగవచ్చు. 1999లో కావాలనే ముంచిన నయాగరా 2 కూడా నిటారుగా నిలబడి ఉండటంతో ఇదే రకంగా పనికొస్తుంది. కానీ అది ఇనుము. చక్కగా ఉంటుంది, మనసుకు పట్టదు.

ఇక అరేబియా. 1853లో కట్టి, 1884లో మునిగిన మూడు తెరచాప కొయ్యల ఓడ, 35 మీటర్ల దాపులో ఉంది. అందానికి వంక పెట్టలేం. కానీ అక్కడ డైవర్ల ప్రాణాలు పోయాయి. మరిదిగారు ఏటా వాదిస్తారు, నేను ఏటా కాదంటాను. వెళ్లాలంటే సరితూగే జోడీతో విడిగా పడవ మాట్లాడుకోవాలి. జట్టంతా ఎక్కిన పడవను అక్కడికి మళ్లిస్తే మిగతావాళ్లు పైన చలికి వణుకుతూ కూర్చోవాలి, కిందున్నవాళ్లు వాళ్లకోసం తొందరపడాలి.

చలి గురించి మనవాళ్లకు చెబితే నమ్మరు. ఆగస్టులో పైనీళ్లు హాయిగానే ఉంటాయి. కొంత దిగాక గీత గీసినట్టు చల్లని పొర తగులుతుంది, అక్కడి నుంచి ఉష్ణోగ్రత ఒక అంకెలోకి పడిపోతుంది. నుదురు పగిలిపోతున్నట్టు ఉంటుంది, మందపాటి చేతి తొడుగులతో బకిల్ విప్పడం కూడా రాదు. ఏడు మిల్లీమీటర్ల మందం సూటు కనీసం, లోతుకు వెళ్లేవారికి నీళ్లు లోపలికి రానివ్వని డ్రైసూటు. ఒకసారి ఒక అద్దె దుకాణం మాకు వెచ్చని నీటికి పనికొచ్చే రెగ్యులేటర్లు (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరాలు) అంటగట్టింది. మరిదిగారిది గడ్డకట్టి గాలి బుస్సుమంటూ ఆగకుండా పోయింది. మావారి అదనపు గొట్టంతో గాలి పీలుస్తూ పైకొచ్చారు. అప్పటినుంచి ‘చల్లని నీటికి తగినదేనా’ అని అడిగాకే డబ్బు ఇస్తున్నాం.

మునగడానికి ఒంటికి కట్టుకునే బరువుల లెక్కా అండమాన్ ఉప్పునీటిది ఇక్కడ పనికిరాదు. మంచినీటిలో మనిషి తక్కువ తేలుతాడు, మందపు సూటు ఎక్కువ తేలుస్తుంది. మొదటి రోజు రేవులోనే సీసపు ముక్కలు తీస్తూ వేస్తూ సరిచూసుకోండి. దిగేముందు పార్కు కార్యాలయంలో డైవర్‌గా పేరు నమోదు చేసుకోవడం తప్పనిసరి. ఓడల నుంచి మేకు కూడా తీయకూడదు, అది చట్టం. లోపలికి దూరకూడదన్నది మా జట్టు సొంత నియమం.

వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి కాబట్టి చివరి రోజు నీళ్ల జోలికి వెళ్లం, ఫ్లవర్‌పాట్ ద్వీపానికి పడవలో వెళ్లొస్తాం. వారాంతమైతే ఆ టికెట్లు ముందే తీసుకోండి.