పాలకొల్లు లోడింగ్ షాపు: కొన్న గేములు, పెన్‌డ్రైవ్ పాటలు

పాలకొల్లు బస్టాండు నుంచి కాలవ గట్టు వైపు నడిస్తే మందుల షాపులు దాటాక ఒక చిన్న సెల్ షాపు వస్తుంది. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయింది. కింద "మెమరీ కార్డులో పాటలు ఎక్కించబడును" అన్న లైను మాత్రం ఇంకా చదవొచ్చు. అందరూ లోడింగ్ షాపు అనే పిలుస్తారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. ఈ షాపు ఇప్పుడు చేస్తున్న పని మన చుట్టుపక్కల గేములాడే పిల్లలకి, వాళ్ళ అమ్మానాన్నలకి, నాలాంటి చిన్న సంగీతం వాళ్ళకి తెలియాలని ఈ రివ్యూ. నేను పెళ్ళిళ్ళకి, జాతరలకి, కార్తీక మాసం భజనలకి కీబోర్డు వాయిస్తాను. గేములాడేది మా మేనల్లుడు. షాపులో గేముల కౌంటరు, పాటల కౌంటరు రెండింటితోనూ పనిపడేవాణ్ణి కాబట్టి రెండింటి గురించీ చెబుతాను.

ముందు గేములు. ఇక్కడ గేములు అమ్మరు. గేములు నెట్‌లో అమ్మే స్టీమ్ అనే సైటులో మీ పేరు మీద కొనుక్కున్న గేముని మీ సీపీయూలోకి ఎక్కించి ఇస్తారు. దీనికి ఒక షాపు కావాలా అని సిటీలో ఉన్నవాళ్ళకి అనిపించొచ్చు. జీటీఏ 5 పీసీకి 2015లో వచ్చినప్పుడు డబ్బాలో ఏడు డీవీడీలు ఉండేవి. ఇప్పుడు పెద్ద గేములు చాలావరకు వంద జీబీకి అటూ ఇటూ ఉంటున్నాయి, నెట్‌లోంచి దించుకోవాల్సిందే. మేనల్లుడి ఇంట్లో ఉన్నది ఫోన్ హాట్‌స్పాట్, రోజుకి ఒకటిన్నర జీబీ. ఆ లెక్కన వంద జీబీ దిగడానికి రెండు నెలలు దాటుతుంది, అదీ ఇంట్లో ఇంకెవరూ ఫోను ముట్టుకోకపోతే.

షాపులో ఫైబర్ నెట్ ఉంది. పిల్లలు ఎక్కువగా అడిగే గేములు షాపువాళ్ళు తమ అకౌంటులో కొని ఒక కంప్యూటర్లో ఉంచుకున్నారు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న ఒక పీసీ నుంచి ఇంకో పీసీకి గేము ఫైళ్ళు పంపే వెసులుబాటు స్టీమ్ 2023 ఫిబ్రవరిలో తెచ్చింది. దాని మీదే ఈ కౌంటరు మొత్తం నడుస్తోంది. మీ అకౌంటులో ఆ గేము కొని ఉంటేనే కాపీ అవుతుంది, ఆడటానికి వీలవుతుంది. కొననివాడికి ఆ ఫైళ్ళు ఉన్నా ఉపయోగం లేదు.

పని ఎలా జరుగుతుందో దగ్గరుండి చూశాను. స్కూటర్ కాళ్ళ దగ్గర సీపీయూ పెట్టుకుని తీసుకెళ్ళాం. కౌంటర్ మీద పెట్టగానే షాపులో కుర్రాడు పక్క రేకు విప్పి బ్లోయర్‌తో దుమ్ము కొట్టాడు, దానికి డబ్బులు తీసుకోరు. లాన్ కేబుల్ గుచ్చి, మానిటర్ మావైపు తిప్పి, తను రెండడుగులు వెనక్కి జరిగాడు. పాస్‌వర్డ్ కొట్టే పని కూడా లేదు. తెర మీద క్యూఆర్ కోడ్ వస్తే మేనల్లుడు తన ఫోన్‌లో స్టీమ్ యాప్‌తో స్కాన్ చేశాడు, లాగిన్ అయిపోయింది. డౌన్‌లోడ్ పేజీలో గీత పరిగెత్తడం మొదలెట్టింది. మేం పక్క హోటల్లో టీ తాగి వచ్చి కాసేపు కూర్చునేసరికి గేము ఎక్కేసింది. ఎంత సైజైనా గేముకి వంద రూపాయలు. బయల్దేరేముందు లాగౌట్ అయిందో లేదో చూసుకోమని కుర్రాడే మాకు చెప్పాడు. ఊరికే నమ్మండి అనకుండా, నమ్మకం కలిగేలా చేసే షాపులు నాకు చాలా ఇష్టం.

వెనక ఇదే షాపులో క్రాక్ గేముల (తాళం పగలగొట్టిన దొంగ కాపీల) డీవీడీలు యాభై రూపాయలకి దొరికేవి. ఆదివారం పిల్లలు డబ్బు దాచుకుని మరీ వచ్చేవాళ్ళు. అంటే గేముకి డబ్బులివ్వడం మనవాళ్ళకి కొత్తేం కాదు, ఇచ్చిన డబ్బు గేము చేసినవాళ్ళకి చేరే దారి లేకపోయింది. అప్పట్లో క్రెడిట్ కార్డు ఉండాల్సి వచ్చేది, డాలర్లలో కట్టాల్సి వచ్చేది. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లో ధరలు పెట్టింది. ఇప్పుడు యూపీఐతోనే కట్టేయొచ్చు. పైరసీ అన్నది ధర సమస్య కన్నా సర్వీసు సమస్య అని స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ పెద్ద గేబ్ న్యూవెల్ 2011లోనే అన్నాడు. డెల్టాలో ఆ సర్వీసులో ఆఖరి మెట్టు ఇలాంటి షాపే. కంపెనీ రూపాయల్లో అమ్మినా, ఆ వంద జీబీ ఊళ్ళోకి ఎవరో ఒకరు తేవాలి కదా.

క్రాక్‌లు ఎందుకు మానేశారని ఓనరుగారిని అడిగాను. "ఆయ్, ఎక్కించిన వారం తిరక్కుండానే మళ్ళీ ఫార్మాట్‌కి తెచ్చేవోరండి మాస్టారూ. వైరస్ నా షాపులోంచే ఎల్లిందని తెలిసీ ఫార్మాట్ డబ్బులెలా అడుగుతాను?" అన్నారు. రిపేరుకొచ్చిన ఒక కంప్యూటర్ చూపించారు. ఎవరూ ఏమీ ఆడకపోయినా దాని ఫ్యాను గుయ్యిమని తిరుగుతోంది. క్రాక్‌తో పాటు దూరిన ప్రోగ్రాము లోపల ఎవరి కోసమో క్రిప్టో (నెట్‌లో నడిచే డబ్బు) తవ్వుతోందట. కరెంటు బిల్లు మాత్రం ఆ ఇంటిదే. టెలిగ్రామ్‌లో రెండు మూడొందలకి అమ్మే "షేరింగ్ అకౌంట్లు", "ఆఫ్‌లైన్ యాక్టివేషన్లు" తెచ్చినా ఇక్కడ ముట్టుకోరు. ఒకే అకౌంటు ఎంతమందికి అమ్మారో ఎవరికీ తెలియదు, అది ఏరోజైనా పోవచ్చు. ఈ విషయంలో షాపు గట్టిగా ఉండటం సరైన పని.

ఇంకో మంచి అలవాటు ఉంది. పిల్లాడితో తండ్రి వచ్చి షాపులోనే కొంటుంటే, కార్టు పేజీలో వచ్చే ఒక లైను కుర్రాడు తెలుగులో చదివి వినిపిస్తాడు: మీరు కొంటున్నది ఆ గేము వాడుకునే లైసెన్సు అని. స్టీమ్ ఆ లైను 2024 అక్టోబరు నుంచి చూపిస్తోంది. కొన్న రెండు వారాల్లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చని కూడా చెబుతాడు. ఎవరూ అడక్కుండానే ఇవి చెప్పడం నాకు నచ్చింది, ఎందుకంటే ఆ లైసెన్సు అన్న మాట చిన్నది కాదు. ద క్రూ అనే కార్ల గేము 2014లో వచ్చింది. యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న సర్వర్లు ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు కూడా ఆ తర్వాత ఆడలేకపోయారు.

సంగీతం వాణ్ణి కాబట్టి నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకో సంగతి. జీటీఏ వైస్ సిటీ గేము రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుస్తుంది. 2003లో పీసీకి వచ్చిన ఆ గేము మన నెట్ సెంటర్లకి చేరేసరికి, సైజు తగ్గించడానికి ఆడియో తీసేసిన కాపీలు తిరిగేవి. కారెక్కితే రేడియో మూగగా ఉండేది. ఆ గేములో సగం ప్రాణం రేడియో పాటల్లోనే ఉందని చాలా ఏళ్ళు మన పిల్లలకి తెలియలేదు. సరే, దొంగ కాపీలో పాటలు లేవు, కొన్నవాడికి ఉంటాయనుకుందామా? జీటీఏ 4కి 2018 ఏప్రిల్‌లో ఒక అప్‌డేట్ వచ్చింది. పాటల లైసెన్సు పదేళ్ళ గడువు తీరిందని చాలా పాటలు తీసేశారు. డబ్బులిచ్చి కొనుక్కున్న గేములోంచి, ఇంట్లో ఉన్న కంప్యూటర్లోంచి పాటలు వెళ్ళిపోయాయి. ఒక పాట ఎన్నాళ్ళు వినిపించాలో పదేళ్ళ ముందే కాగితం మీద రాసేసుకోవడం ఆ పాట వాయించినవాళ్ళకీ అన్యాయమే, విన్నవాళ్ళకీ అన్యాయమే.

అందుకే, ఒకే గేము స్టీమ్‌లోనూ గాగ్‌లోనూ దొరికితే గాగ్‌లో తీసుకోమని షాపులో చెబుతారు. సీడీ ప్రాజెక్ట్ అనే పోలండ్ కంపెనీ 2008లో మొదలెట్టిన అమ్మకం సైటు అది. కాపీని ఆపే తాళాలు లేని ఇన్‌స్టాలర్ (గేము ఎక్కించుకునే) ఫైలు ఇస్తారు, హార్డ్ డిస్కులో దాచుకోవచ్చు. మీ అకౌంటులోంచి మీరు దించుకున్న ఇన్‌స్టాలర్లని మీ హార్డ్ డిస్కులోకి షాపువాళ్ళు వేసిస్తారు. ఇంకొకరికి మాత్రం కాపీ చెయ్యరు.

ఇక పాటల కౌంటరు. ఇక్కడ నా మాట రెండు రకాలుగా ఉంటుంది.

కొత్త సినిమా పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించడం ఈ షాపు ఇంకా మానలేదు. అది తప్పు. ఓనరుగారి ముందే అన్నాను, ఇక్కడా రాస్తున్నాను. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, పాట రాసినవాళ్ళకి, స్వరం కట్టినవాళ్ళకి రాయల్టీలో వాటా వదులుకోలేని హక్కు ఇచ్చారు. యాభై రూపాయల పెన్‌డ్రైవ్ లోడింగ్‌లోంచి ఆ వాటాకి ఒక్క పైసా వెళ్ళదు. అయితే అడిగేవాళ్ళెవరో కూడా చూడాలి. రొయ్యల చెరువు మకాంలో రాత్రి కాపలా ఉండేవాళ్ళు, ట్రాక్టరు డ్రైవర్లు, పాత కారు స్టీరియో ఉన్నవాళ్ళు. చెరువుల మధ్య సిగ్నల్ అంతంతమాత్రం. డబ్బు కట్టి పాటల యాప్ తీసుకున్నా, అందులో దించుకున్న పాట ఆ యాప్‌లోనే మోగుతుంది. స్పాటిఫైలో అయితే ముప్ఫై రోజులకి ఒకసారైనా నెట్‌కి తగిలించాలి. ట్రాక్టరు స్టీరియోకి పెన్‌డ్రైవ్ తప్ప ఇంకోటి తెలియదు. ఆడియో కంపెనీలు ఇలాంటి షాపులకి ఒక ధర పెట్టి ఎంపీ3లు అధికారికంగా ఇస్తే ఈ కౌంటరు రేపే సక్రమమవుతుంది. యాపిల్ వాళ్ళ ఐట్యూన్స్ స్టోరు 2009లోనే పాటలన్నీ తాళం లేకుండా అమ్మడం మొదలెట్టింది. మన ఊరి కౌంటర్ మీద నగదుకి ఆ పని ఎందుకు కుదరదో నాకు అర్థం కాదు.

ఇప్పుడు మెచ్చుకోవాల్సిన మాట. షాపులో "మనూరి పాటలు" అని ఒక ఫోల్డరు పెట్టారు. భజన బృందాలు, కోలాటం పాటలు, జానపదాలు, చర్చి క్వైర్ల పాటలు, అన్నీ పాడినవాళ్ళని అడిగి తీసుకున్నవే. ఆల్బమ్ ముప్ఫై రూపాయలు. అందులో ఇరవై బృందానికి, పది షాపుకి. స్టీమ్ ప్రతి అమ్మకం మీద మామూలుగా తీసుకునే ముప్ఫై శాతానికి దాదాపు ఇదే లెక్క. కౌంటర్ కింద అట్ట చిరిగిన లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. బృందానికో పేజీ, అమ్మిన ప్రతిసారీ బాల్‌పెన్నుతో ఒక గీత, ఐదో గీత అడ్డంగా. డబ్బు తీసుకున్నప్పుడు పక్కన సంతకం. మా క్షీరారామలింగేశ్వరస్వామి భజనల పేజీ మహాశివరాత్రి దగ్గర పడేసరికి గీతలతో నిండిపోయి వెనక్కి తిరిగింది. ఆ డబ్బుతో తబలా ఆయనకి దారి ఖర్చులకి అడ్వాన్సు ఇవ్వగలిగాం. అదే పాటలు యాప్‌లలోనూ పెట్టాం, పెట్టాలి కూడా, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు అక్కడే వింటారు. కానీ 2024 నుంచి స్పాటిఫైలో ఒక పాట ఏడాదిలో వెయ్యిసార్లయినా మోగకపోతే దాని మీద రాయల్టీ లెక్కే కట్టరు. ఒక మండలంలో వినే పాటకి ఆ నియమంలో చోటెక్కడ? నోట్‌బుక్కులో మాత్రం మొదటి గీతకే ఇరవై రూపాయలు పడతాయి. చిన్న కళాకారులెవరైనా ఇది చదువుతుంటే ఒకసారి వెళ్ళి మాట్లాడండి. ఒప్పందం ఒక పేజీ, తెలుగులోనే ఉంటుంది.

పాత నాటక పద్యాలు ఉచితంగా ఎక్కిస్తారు, దానికి కూడా లెక్క చూసుకున్నారు. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన అరవై ఏళ్ళకి తీరిపోతుంది. రాసిన కవి పోయిన అరవై ఏళ్ళకి పద్యం మీద హక్కు తీరుతుంది, ఇద్దరు కలిసి రాస్తే రెండో ఆయన పోయినప్పటి నుంచి లెక్క. తిరుపతి వేంకట కవుల్లో ఒకరిది భీమవరం దగ్గర యండగండి, రెండో ఆయన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రిగారిది కడియం. ఆయన పోయింది 1950లో. కాబట్టి వాళ్ళ పద్యాలున్న గ్రామఫోను ప్లేట్ల నాటి రికార్డింగుల్లో అరవై ఏళ్ళు దాటినవి ఇప్పుడు అందరివీ. మా నాన్నగారికి కార్డు నింపించి ఇచ్చాను, సాయంత్రం అరుగు మీద అదే మోగుతోంది.

లోపాలు కూడా చెప్పాలి. ఇన్వర్టర్ ఒక్కటే ఉంది, కరెంటు పోతే గేముల కంప్యూటర్ ఆపేస్తారు, సగం కాపీ అయిన గేము మళ్ళీ కరెంటు వచ్చాకే. కూర్చోడానికి రెండు స్టూళ్ళే. షాపు దగ్గర లేని గేము కావాలంటే ముందురోజు సీపీయూ ఇచ్చి వెళ్ళాలి, దానికి రెండొందలు. షాపులో వదిలేసి వచ్చే కంప్యూటర్ కాబట్టి రసీదు అడిగి తీసుకోండి, అడక్కపోతే ఇవ్వరు.

ఆదివారం కూడా తీస్తారు, మధ్యాహ్నం భోజనానికి గంట మూస్తారు. స్టీమ్ వేసవి సేలు జూన్ ఆఖర్లో మొదలవుతుంది, ఆ వారం సాయంత్రాలు కాలేజీ పిల్లలతో నిండిపోతుంది, పొద్దున్నే వెళ్ళండి. మహాశివరాత్రి ముందు నాలుగు రోజులు గేముల పని పెట్టుకోవద్దు, పెన్‌డ్రైవ్‌ల వాళ్ళు కౌంటర్ వదలరు.