120 రూపాయల ప్రొపెల్లర్లు, 1,100 రూపాయల ప్రొపెల్లర్లు: నా డ్రోన్ మీద ఏమైంది

గుంటూరు దగ్గర మా మావయ్య వాళ్ల మిర్చి చేను పక్కన ఖాళీ స్థలం ఉంది. రెండు ఆదివారాలు అక్కడే నా డ్రోన్‌కి అయిదు అంగుళాల ప్రొపెల్లర్లు (దాన్ని గాల్లోకి లేపే తిరిగే రెక్కలు) మూడు సెట్లు మార్చి మార్చి ఎగరేశాను: 120 రూపాయలది, 360 రూపాయల పాలీకార్బొనేట్‌ది (గట్టి ప్లాస్టిక్), 1,100 పెట్టిన కార్బన్ ఫైబర్‌ది. మోటార్లు, బ్యాటరీ అవే.

చవక సెట్ రెక్క అంచున అచ్చులో మిగిలిన ప్లాస్టిక్ పొర గోటికి తగిలింది. రెక్కల బరువు సమానంగా ఉందో లేదో చూపే బ్యాలెన్సర్ మీద పెడితే నాలుగింటిలో మూడు ఒక పక్కకే వాలిపోయాయి. తేలికగా ఉన్న రెక్కకు సెల్లోటేప్ ముక్క అంటిస్తే రెండు దారికొచ్చాయి. మూడోదానికి మధ్య రంధ్రమే పక్కకు జరిగి ఉంది, అది దారికి రాలేదు.

అసలు తేడా వీడియోలో బయటపడింది. చవక సెట్‌తో తీసినప్పుడు గట్టు మీది తాటిచెట్లు నీళ్లలో నీడల్లా అలలు పోయాయి. కెమెరా సెన్సార్ బొమ్మను వరుస వరుసగా చదువుతుంది కాబట్టి మోటార్ల వణుకు అలా కనబడుతుంది. 360 సెట్ వేయగానే చెట్లు నిలబడ్డాయి. దింపాక మోటార్లు కూడా అంత వేడిగా లేవు.

కార్బన్ సెట్ గట్టిగా ఉంది, వీడియో కూడా బాగా వచ్చింది. కానీ ఎగిరే సమయంలో నాకు పెద్ద తేడా కనబడలేదు. గట్టుకు ఒక్కసారి తగిలితే కొస పుటుక్కున విరిగింది. అదే దెబ్బకు పాలీకార్బొనేట్ వంగిందంతే. వంగినచోట తెల్లగీత పడితే మాత్రం మళ్లీ వాడకండి, గాల్లో ఊడుతుందేమోనని నాకు టెన్షన్. 360 సెట్‌లే ఇంకో రెండు ఆర్డర్ పెట్టాను.