కోంక్: ఊరు దాచుకున్న బంగారు పునీత

దక్షిణ ఫ్రాన్సులో ఒక్క మధ్యయుగపు చర్చి చూసేంత వ్యవధి మాత్రమే ఉన్నవారికి నేను కోంక్ పేరే చెబుతాను. అంతకంటే ఎత్తయిన, పేరు మోసిన చర్చిలు నగరాల్లో ఉన్నాయి. కానీ వెయ్యేళ్ల నాటి బంగారు పనితనం తాను పుట్టిన ఊళ్లోనే, తాను పూజలందుకున్న చర్చి పక్కనే ఈనాటికీ నిలిచి ఉండటం చాలా అరుదు. చాలా చోట్ల అలాంటి వస్తువులను కరిగించేశారు, లేదా మ్యూజియాలకు తరలించేశారు. ఫ్రెంచి విప్లవ కాలంలో ఆ ముప్పు కోంక్‌కూ వచ్చింది. ఊరివాళ్లు ఆ సంపదను తమ ఇళ్లలో, తోటల్లో దాచిపెట్టి, గండం గడిచాక తిరిగి చర్చికి అప్పగించారట. రైతులు, చేతిపనులవాళ్లు. ఎవరికీ అత్యాశ పుట్టలేదు.

చేరుకోవడం మాత్రం అంత సులువు కాదు. పారిస్ నుంచి రోడెజ్ పట్టణానికి రాత్రి రైలు ఉంది, అక్కడి నుంచి కోంక్ సుమారు 40 కిలోమీటర్లు. బస్సులు తక్కువ. మేము ముందే మాట్లాడుకున్న టాక్సీ బాగా ఆలస్యంగా రావడంతో ఒక పూట వృథా అయింది. డ్రైవింగ్ వచ్చినవాళ్లు కారు అద్దెకు తీసుకోవడమే మేలు. కారును ఊరి వెలుపల రుసుము చెల్లించి నిలపాలి. ఊళ్లో వీధులన్నీ రాళ్లు పరిచిన ఏటవాలు దారులే. చక్రాల పెట్టెలు వద్దు, వీపుకు తగిలించుకునే సంచి చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే చర్చికి దగ్గరలోనే గది చూసుకోండి.

ఈ చర్చి పునీత ఫ్వా పేరిట వెలసింది. రోమన్ చక్రవర్తి డయోక్లీషియన్ కాలంలో, అజాన్ పట్టణంలో, క్రైస్తవ విశ్వాసం వదులుకోనన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్న 12 ఏళ్ల బాలిక ఆమె. 9వ శతాబ్దంలో కోంక్ మఠవాసి ఒకరు అజాన్‌కు వెళ్లి, ఏళ్ల తరబడి అక్కడే ఉండి, అందరి నమ్మకం చూరగొని, చివరికి ఆమె అవశేషాలను ఎత్తుకొచ్చాడని కథనం. ఇది దొంగతనం కాదా అంటే, పునీత ఇష్టపడకపోతే అవి కదిలేవే కావని ఆనాటి వారి సమాధానం. ఆ తరువాత ఫ్రాన్సులోని ల ప్వీ పట్టణం నుంచి స్పెయిన్‌లోని పుణ్యక్షేత్రం సాంతియాగోకు నడిచి వెళ్లే యాత్రికులకు ఇది ముఖ్యమైన మజిలీ అయింది. ఇప్పటికీ నడిచే వస్తున్నారు, బురద బూట్లతో, చేతికర్రలతో.

చర్చిలోకి వెళ్లే ముందు పడమటి ద్వారం దగ్గర ఆగండి, తొందరపడకండి. ద్వారం పైన 12వ శతాబ్దపు తుది తీర్పు శిల్పం ఉంది, అంటే లోకాంతాన దేవుడు మనుషులకు తీర్పు చెప్పే దృశ్యం. వెడల్పు 6.7 మీటర్లు, అందులో 124 మంది. మధ్యలో క్రీస్తు, ఒక పక్క స్వర్గం, మరో పక్క నరకం. నీలం, ఎరుపు రంగుల జాడలు ఇంకా మిగిలే ఉన్నాయి. నరకంలో మెడకు డబ్బు సంచి వేలాడుతున్న మనిషి ఒకడున్నాడు. స్వర్గం వైపు చూస్తే సాష్టాంగపడిన ఫ్వా వైపు దేవుని చెయ్యి చాచి ఉంటుంది. ఆమె వెనక వేలాడుతున్నవి సంకెళ్లు. ఆమెకు మొక్కుకుని చెర వీడిన ఖైదీలు తెచ్చి సమర్పించినవి. ఇక అంచు కమాను చుట్టూ చూడండి. పక్కింటి పెళ్లిని గోడ మీదుగా చూసే పిల్లల్లా చిన్న చిన్న తలలు తొంగిచూస్తుంటాయి. నాకు అన్నిటికన్నా నచ్చినవి అవే.

లోపల బొమ్మల అద్దాలు ఉండవు. రోడెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సులాజ్ 1994 నాటికి పూర్తిచేసిన 104 కిటికీలకు రంగులేని, పారదర్శకం కాని గాజు వాడారు. మొదట నిరాశ కలగవచ్చు. పొద్దు వాలేదాకా ఉంటే అదే గాజు ఒకసారి నీలంగా, మరోసారి నారింజ రంగుగా మారడం కనిపిస్తుంది. రాతిని చూడనివ్వడమే ఆయన ఉద్దేశం, అది నెరవేరింది.

పక్కనే ఉన్న నిధుల గదికి టికెట్టు ఉంది, ప్రతి పైసాకూ తగినదే. అక్కడ కూర్చుని ఉంటుంది ఫ్వా, సుమారు 85 సెంటీమీటర్ల ఎత్తున, చెక్క మీద బంగారు రేకు తొడిగిన విగ్రహం. పన్నెండేళ్ల పిల్ల ముఖం కాదది. గంభీరమైన ఆ తల రోమన్ సామ్రాజ్యపు చివరి కాలానిదని పండితులు అంటారు. ఒళ్లంతా భక్తులు సమర్పించిన రత్నాలు, పురాతన ముద్రరాళ్లు. 11వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సులోని ఆంజే నగరం నుంచి వచ్చిన బెర్నార్ అనే పండితుడు ఈ ప్రాంతంలోని ఇలాంటి విగ్రహాలను చూసి విగ్రహారాధన అని ఎగతాళి చేశాడు. తరువాత పశ్చాత్తాపపడి ఆమె మహిమలను గ్రంథస్థం చేశాడు. అందులో ఫ్వా కలల్లో కనిపించి ఉంగరాలు, కంకణాలు అడుగుతుంటుంది! ఉత్సవమూర్తులకు నగలు చేయించే ఇళ్ల నుంచి వెళ్లిన మనకు ఆ గదిలో ఏదీ వింతగా తోచదు. అదే గదిలో బేగోన్ మఠాధిపతి కాలం నాటి ‘షార్లమేన్ A’ అనే, చక్రవర్తి షార్లమేన్ పేరుతో పిలిచే, A అక్షరంలా ఉండే త్రిభుజాకారపు వస్తువునూ విడిచిపెట్టకండి.

పగటిపూట వచ్చి వెళ్లిపోయేవారు చాలా కోల్పోతారు. యాత్రికులు వచ్చే రోజుల్లో రాత్రి ప్రార్థన ముగిశాక ఒక మఠవాసి ద్వారం ముందు నిలబడి శిల్పాన్ని వివరిస్తారు. ఫ్రెంచిలోనే చెబుతారు కాబట్టి ముందే చదువుకుని వెళ్లండి. ఆపైన లోపల ఆర్గాన్ వాయిస్తుండగా పై అంతస్తు వసారాల్లో తిరగవచ్చు. స్తంభాల తలభాగాన చెక్కిన శిల్పాలను అంత దగ్గరగా చూసే అవకాశం పగలు దొరకదు.

బసకు మఠం నడిపే యాత్రికుల వసతి మంచి ఎంపిక. సామూహిక గదులు, అందరూ కలిసి చేసే భోజనం, శుభ్రత బాగున్నాయి. ఏకాంతం కావాలంటే హోటళ్లు ఉన్నాయి, ధర ఎక్కువ, వేసవిలో ముందే నిండిపోతాయి. శాకాహారులు ముందుగా చెప్పాలి. బంగాళాదుంపలు, జున్ను కలిపి సాగేలా చేసే ‘అలిగో’ ఈ ప్రాంతపు ప్రత్యేక వంటకం, కడుపు నిండుతుంది. కారం అలవాటైన నాలుకకు మాత్రం చప్పగానే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో రోడెజ్‌లోని సులాజ్ మ్యూజియానికి ఒక పూట కేటాయించండి. కోంక్ కిటికీల కోసం ఆయన తయారుచేసిన నమూనాలు అక్కడ ఉన్నాయి. కిటికీలను చూశాక వెళితేనే వాటి గీతల్లో ఆయన పడిన శ్రమ అర్థమవుతుంది, అందుకే ముందు కోంక్, తరువాతే రోడెజ్.