మాస్టొడాన్‌లో సర్వరు మారాక: మనుషులు వచ్చారు, రాతలు రాలేదు

మాస్టొడాన్ అనే సామాజిక మాధ్యమాన్ని కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. ప్రకటనలు ఉండకపోవడం, పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపించడం, 500 అక్షరాల పరిమితి వంటివి దీని గురించి విన్నవారందరికీ తెలిసినవే. నేను రాయదలచినది వాడుకరి పేరు గురించి. ఇక్కడ ఖాతాలన్నీ ఒకే చోట కాక, వేర్వేరు వ్యక్తులు నడిపే సర్వర్లలో ఉంటాయి. మన పేరు మనం చేరిన సర్వరు పేరుతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి వల్ల కలిగే మేలెంతో, నష్టమెంతో నా సర్వరు మూతపడినప్పుడు తెలిసివచ్చింది. ఆ నష్టం మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

కొత్తగా వచ్చేవారిని ఇక్కడి పేర్లు మొదట తికమక పెడతాయి కాబట్టి కొంత చెప్పాలి. మాస్టొడాన్ అనేది 2016లో యూజెన్ రోచ్కో విడుదల చేసిన సాఫ్ట్‌వేరు. ఏనుగులకు దూరపు బంధువై ఎన్నడో అంతరించిపోయిన జంతువు పేరు అది. ఆ సాఫ్ట్‌వేరుతో ఎవరైనా తమ సర్వరును నడుపుకోవచ్చు, దానికి తమకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. వీడియోల కోసం పీర్‌ట్యూబ్, ఫొటోల కోసం పిక్సెల్‌ఫెడ్, చర్చల కోసం లెమ్మీ వంటి సాఫ్ట్‌వేర్లు వేరుగా ఉన్నాయి. ఇవన్నీ వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో ప్రమాణంగా ఆమోదించిన యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌ను, అంటే సర్వర్లు పరస్పరం సందేశాలు పంపుకునే నియమావళిని, పాటిస్తాయి గనుక ఒకదానిలోని ఖాతా నుంచి మరొకదానిలోని ఖాతాను అనుసరించవచ్చు. ఫెడరేషన్, యూనివర్స్ అనే రెండు మాటలను కలిపి ఈ మొత్తాన్ని ఫెడివర్స్ అంటున్నారు.

వాడుకరి చిరునామా ఈమెయిలు చిరునామా లాగే రెండు భాగాలుగా ఉంటుంది: మొదటిది తాను ఎంచుకున్న పేరు, రెండవది సర్వరు డొమైను, అంటే ఇంటర్నెట్‌లో ఆ సర్వరుకున్న పేరు. ఎవరైనా నా చిరునామాను వెతికితే, వారి సర్వరు వెబ్‌ఫింగర్ అనే పద్ధతిలో నా డొమైనును సంప్రదించి, ఆ పేరుగల ఖాతా ఎక్కడుందో కనుక్కుంటుంది. ఆ డొమైను పలకకపోతే నా పేరుకు మరెక్కడా ఆధారం దొరకదు.

నా మొదటి సర్వరును భాషల మీద ఆసక్తి ఉన్న కొందరు స్వచ్ఛందంగా నడిపేవారు. డొమైను చూడగానే నేను ఏ విషయాలు మాట్లాడే మనిషినో అవతలివారికి అర్థమయ్యేది. పరిచయం చేసుకోవలసిన అవసరమే ఉండేది కాదు. ఆ రోజుల్లో ఈ పేర్ల పద్ధతిని నేను ఎంతో మెచ్చుకున్నాను, నలుగురికీ చెప్పాను.

తరువాత ఆ నిర్వాహకులు సర్వరును మూసివేస్తున్నట్టు ప్రకటించారు. మాస్టొడాన్ అధికారిక జాబితాలో చేరే సర్వర్లు మూసివేతకు కనీసం 3 నెలల ముందు వాడుకరులకు తెలియజేస్తామని మాట ఇవ్వాలి. మాకూ తగిన వ్యవధే ఇచ్చారు కాబట్టి వారిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నేను మరో సర్వరులో ఖాతా తెరిచి, అందులో పాత ఖాతాను అలియాస్‌గా (అదీ నాదేనని తెలిపే మారుపేరుగా) నమోదు చేసి, ఆపైన పాత ఖాతాకు వెళ్లి తరలింపును ప్రారంభించాను. అప్పుడు నా పాత సర్వరు నన్ను అనుసరించేవారి సర్వర్లన్నిటికీ తరలింపు సందేశం పంపుతుంది. ఆ సర్వర్లు కొత్త ఖాతాలో అలియాస్ నిజంగా ఉందో లేదో సరిచూసుకుని, పాత ఖాతాను వదిలి కొత్తదాన్ని అనుసరించేలా తమ వాడుకరుల జాబితాలను మార్చేస్తాయి. అనుచరులు చేయవలసిన పని ఏదీ లేదు. నేను చూస్తుండగానే కొత్త ఖాతాలో వారి సంఖ్య పెరుగుతూ వచ్చింది. ఒక వేదికను నడిపేవారు తప్పుకుంటున్నా అక్కడ ఏర్పడిన పరిచయాలు చెదరకుండా నాతోపాటు రావడం నేను మరే సామాజిక మాధ్యమంలోనూ చూడలేదు. 2019లో వచ్చిన 3.0 వెర్షన్‌లో ఈ సౌకర్యాన్ని చేర్చినవారికి నేను రుణపడి ఉన్నాను. తరలింపు సందేశాన్ని గుర్తించని సాఫ్ట్‌వేర్లలో ఉన్న కొద్దిమంది మాత్రం రాలేదు.

నా రాతలు కూడా రాలేదు. నేను అనుసరించేవారి జాబితా, నిరోధించినవారి జాబితా, బుక్‌మార్కులు ఫైళ్లుగా దించుకుని కొత్త ఖాతాలోకి ఎక్కించుకోగలిగాను. పోస్టుల ప్రతిని దించుకోగలిగాను గాని, దాన్ని కొత్త ఖాతాలోకి ఎక్కించే దారి మాస్టొడాన్‌లో లేదు. ఇంతవరకు నాకు ముందే తెలుసు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ తరువాత జరిగినది. సర్వరును పద్ధతిగా మూసివేసేటప్పుడు, తనకు తెలిసిన సర్వర్లన్నిటికీ అక్కడి ఖాతాలను తొలగించమనే సందేశం వెళుతుంది. దాంతో ఇతర సర్వర్లలో నిలిచి ఉన్న నా పోస్టుల నకళ్లు కూడా చెరిగిపోయాయి. వ్యాకరణం మీద, పాత పదాల మీద సాగిన సుదీర్ఘమైన చర్చలలో ఇతరుల జవాబులు అలాగే ఉన్నాయి, వారు ఎవరికి, దేనికి జవాబిస్తున్నారో చెప్పే నా భాగం మాత్రం లేదు. కష్టపడి వివరాలు సేకరించి నాకు జవాబు రాసినవారి శ్రమ కూడా దానితోపాటు సగం అర్థం కోల్పోయింది.

దీనికి కారణం కూడా పేరే. ప్రతి పోస్టుకూ గుర్తింపు దాని వెబ్ చిరునామాయే. అందులో సర్వరు డొమైను ఉంటుంది. మరొక డొమైనులోకి మారితే అది మిగతా సర్వర్ల దృష్టిలో అదే పోస్టు కాదు. నిర్వాహకులదీ ఇదే పరిస్థితి: ఒకసారి సర్వరు మొదలుపెట్టాక దాని డొమైనును మార్చుకునే వీలు లేదు. ఆ డొమైను చేజారే ప్రమాదమూ ఉంది: 2024లో ఆఫ్ఘనిస్తాన్‌కు చెందిన .ఏఎఫ్ డొమైనును వాడుతున్న ఒక మాస్టొడాన్ సర్వరు పేరును అక్కడి తాలిబాన్ ప్రభుత్వం నిలిపివేసింది. మరో ప్రోటోకాల్ మీద నడిచే బ్లూస్కై అనే సామాజిక మాధ్యమంలో ఖాతాకు కనబడే పేరుతో సంబంధం లేని శాశ్వత గుర్తింపు విడిగా ఉంటుంది. సర్వరు మారినా పాత పోస్టులు వెంట వస్తాయి. అయితే అక్కడ అత్యధికుల ఖాతాలు ఒకే సంస్థ సర్వర్లలో ఉన్నందున ఆ సౌకర్యాన్ని నిజంగా వాడుకునేవారు తక్కువ.

చిన్న సర్వరును పొగుడుతూ నేను ఒకప్పుడు చెప్పిన మాటలను కూడా కొంత సవరించుకోవాలి. సర్వరులోని వారెవరూ అనుసరించని ఖాతాల పోస్టులు సాధారణంగా ఆ సర్వరుకు చేరవు. అందువల్ల వెతికితే దొరికేది తక్కువ. అప్పట్లో ఒకే పోస్టు కింద నాకు కనిపించే జవాబులు, పెద్ద సర్వరులో ఉన్న మిత్రుడికి కనిపించే జవాబులు ఒకటిగా ఉండేవి కావు. ఇప్పుడు నేనున్న సర్వరు పెద్దది, దాని పేరు నా గురించి ఏమీ చెప్పదు, కాని చర్చలు మునుపటికంటే నిండుగా కనిపిస్తున్నాయి.

నేను ఇక్కడే కొనసాగుతున్నాను. నాకు కావలసినది ప్రధానంగా సంభాషణ, ఆ మనుషులు నాతో వచ్చారు. రాసినదాన్ని భద్రపరచుకోవాలనుకునే రచయితలకు, ఫొటోగ్రాఫర్లకు మాత్రం ఇదే సలహా ఇవ్వలేను. సొంత డొమైను మీద సర్వరు నడుపుకోగలిగితే వారి పేరూ రాతలూ వారి చేతిలోనే ఉంటాయి గాని, దానికి నిర్వహణ, ఖర్చు, మోడరేషన్ బాధ్యత తప్పవు. నాకు అంత సమయం లేదు కాబట్టి పెద్ద రాతలను ముందుగా నా సొంత వెబ్‌సైటులో పెట్టి, ఇక్కడ వాటి లంకె మాత్రమే ఇస్తున్నాను.