అవయవ మార్పిడా, గర్భధారణా? ఇమ్యునాలజీ పరిశోధనలో ఏది మేలు?

తిరుపతిలో ఎమ్మెస్సీ చేసి ఇమ్యునాలజీలో (ఒంటి రోగనిరోధక వ్యవస్థను చదివే శాస్త్రం) పీహెచ్‌డీకి సిద్ధమయ్యే పిల్లలు చాలామంది ఈ రెండు దారుల దగ్గరే ఆగిపోతారు. ఇంట్లో అమ్మానాయనలు ఆసుపత్రిలో ఉద్యోగం దొరికే దారి పట్టమంటారు. నా ఓటు మాత్రం రెండోదానికి. కారణాలు చెబుతాను.

అసలు ఈ రెండూ పుట్టింది ఒకే ప్రశ్నలోంచి. వేరేవాళ్ల కిడ్నీ పెడితే మన ఒళ్లు దాన్ని పరాయిదని పసిగట్టి దాడి చేస్తుంది. కడుపులో బిడ్డకు సగం జన్యువులు తండ్రివి. అయినా తల్లి ఒళ్లు తొమ్మిది నెలలు మోస్తుంది. ఎలా? 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెదావర్ ఈ ప్రశ్నను సూటిగా వేశాడు. 1958లో జాన్ వాన్ రూడ్, రోజ్ పేన్ అనే పరిశోధకులు వేర్వేరుగా పనిచేస్తూ, కాన్పులైన తల్లుల రక్తంలో పరాయి తెల్లకణాలకు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఉంటాయని చూపించారు. దాత, గ్రహీతల హెచ్‌ఎల్‌ఏ (మనదీ పరాయిదీ తేల్చే కణాల మీది గుర్తులు) పోల్చడానికి చాలా ఏళ్లు వాడింది ఆ తల్లుల సీరమే, అంటే రక్తంలోని యాంటీబాడీలున్న ద్రవమే. ఇప్పటికీ పిల్లలను కన్న స్త్రీకి భర్త కిడ్నీ ఇస్తానంటే, క్రాస్‌మ్యాచ్ (ఆమె రక్తంలో భర్త కణాలపై యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) దగ్గర డాక్టర్లు ఒకటికి రెండుసార్లు చూస్తారు.

బతుకుతెరువు లెక్కన చూస్తే అవయవ మార్పిడిదే పైచేయి. మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడులు జరుగుతాయి. చిత్తూరు దాటితే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి, అక్కడ 1971లోనే కిడ్నీ మార్పిడి చేశారు. హెచ్‌ఎల్‌ఏ టైపింగ్, ఫ్లో సైటోమెట్రీ (కణాలను లేజర్‌తో గుర్తించి లెక్కపెట్టే పద్ధతి) చేతికి వస్తే పీహెచ్‌డీ మధ్యలో ఆగినా ల్యాబ్‌లో ఉద్యోగం దొరుకుతుంది. ఫలితం కూడా కళ్లముందే ఉంటుంది: క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) పెరిగిందా, బయాప్సీలో ఏముంది, కొత్త యాంటీబాడీలు వచ్చాయా. ఒంటి దాడిని అణిచే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు వచ్చాక తొలి ఏడాది గండం బాగా తగ్గింది. ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా కిడ్నీని తినేసే రిజెక్షన్ (పరాయి అవయవంపై ఒంటి దాడి), జీవితాంతం మందులు మింగాల్సి రావడం ఇంకా మిగిలే ఉన్నాయి. కానీ ఈ రంగంలో పెద్ద ల్యాబులు, మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లకు తమదైన ప్రశ్న దొరకడం కష్టం.

గర్భధారణ సంగతి వేరు. మాయలో (ప్లాసెంటా) తల్లి కణజాలంలోకి చొచ్చుకెళ్లే ట్రోఫోబ్లాస్ట్ అనే బిడ్డవైపు కణాలు హెచ్‌ఎల్‌ఏ-ఏ, బీ లను చూపించవు; సీ, ఈ, జీ లను చూపిస్తాయి. గర్భసంచిలోని ఎన్‌కే కణాలు (నేచురల్ కిల్లర్ అనే తెల్లకణాలు) వాటిని గుర్తుపట్టి, చంపడానికి బదులు రక్తనాళాలు వెడల్పు కావడానికి సాయపడతాయి. ఈ పొత్తు సరిగా కుదరకపోతే ప్రీఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) ముప్పు పెరుగుతుందని పరిశోధకురాలు ఆష్లీ మాఫెట్ బృందం 2004లో తల్లి కేఐఆర్ (ఎన్‌కే కణాలు హెచ్‌ఎల్‌ఏను గుర్తుపట్టే రిసెప్టర్లు), బిడ్డ హెచ్‌ఎల్‌ఏ-సీ జన్యువుల జతలతో చూపించింది. 2025లో నోబెల్ అందుకున్న టీ-రెగ్ కణాల (రోగనిరోధక దాడిని అదుపు చేసే కణాలు) పరిశోధన గర్భానికీ పనికొస్తుంది. ఎలుకల్లో ఆ కణాలను తీసేస్తే, జన్యుపరంగా వేరైన మగ ఎలుకతో వచ్చిన గర్భం నిలవదు.

కష్టాలు లేవని అనను. ఎలుక మాయ మనిషి మాయలా ఉండదు. తొలి నెలల కణజాలం దొరకదు, దొరికినా నైతిక అనుమతులకు నెలలు పడుతుంది. రుజువు దొరక్కముందే చికిత్సలు అమ్మకానికి వచ్చేసిన రంగం ఇది. పదేపదే గర్భం పోయిన స్త్రీలకు భర్త తెల్లకణాలు ఎక్కించేవారు. 1999లో వచ్చిన పెద్ద ట్రయల్ దానివల్ల మేలు లేదని తేల్చింది. గర్భం నిలవకపోతే నిందంతా కోడలి మీదే వేసే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆమెకు అబద్ధపు ఆశ అమ్మడం నాకు క్షమించరానిదిగా కనిపిస్తుంది. అందుకే ఇక్కడ నిజాయితీగా పనిచేసేవాళ్లు కావాలి.

పైగా నెలలు నిండిన మాయ ప్రతి కాన్పులో పారేసేదే. తల్లి ఒప్పుకుంటే, ఎథిక్స్ కమిటీ అనుమతిస్తే, తిరుపతి ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట పరిశోధనకు అంతకంటే ఏం కావాలి?

ఒక్క మినహాయింపు. జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకు వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాకపోయినా, ఇంటికి వెంటనే డబ్బు పంపాల్సి ఉన్నా మొదటి దారే పట్టండి. నెలకు 37,000 రూపాయల ఆ ఫెలోషిప్ వస్తే ధైర్యంగా రెండోదానికి వెళ్లండి. ఢిల్లీలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇమ్యునాలజీ, ముంబైలోని ఐసీఎంఆర్ ప్రత్యుత్పత్తి ఆరోగ్య సంస్థ చూడండి. చేరేముందు గైడ్‌ను ఒక్క మాట అడగండి: మీకు శాంపిళ్లు ఇచ్చే గైనకాలజిస్ట్ ఉన్నారా? లేరంటే ఎంత పేరున్న ల్యాబ్ అయినా వద్దు.