రూపాయి వడ్డీ గ్రూపు లోను అంటే ముందు ఈ లెక్క చూడండి

తిరుపతిలో గ్రూపు లోన్లు తీసుకునే అక్కచెల్లెళ్లకి, ముఖ్యంగా మా జీవకోన, కొర్లగుంట పక్క బండ్లు పెట్టుకుని బతికేవాళ్లకి ఇది రాస్తా ఉండాను. కంపెనీ పేరు రాయను. పేర్లు మారతాయి, పద్ధతి ఒకటే.

నాది టిఫిను బండి. గ్రైండరు మోటారు కాలిపోయి చేతిలో డబ్బు లేని టైములో ఒక సారు మా సందుకి వచ్చినాడు. పదిమంది గ్రూపు కడితే చాలు, ష్యూరిటీ వద్దు, బంగారం వద్దు, 'నూటికి రూపాయి వడ్డీనే అమ్మా' అన్నాడు. రోజువారీ ఫైనాన్సు వాళ్లు ఐదూ పదీ గుంజే చోట రూపాయి అంటే ఎవరు వద్దంటారు? సంతకం పెట్టేసినా.

కార్డులో రాసుకున్నది 30,000. అందులో ఫీజు జీఎస్టీతో కలిపి 354, నాకూ మా ఆయనకీ ఇన్సూరెన్సు 746 పట్టుకున్నారు. మిక్సీ తీసుకుంటేనే ఫైలు కదుల్తుందని ఇంకో 1,500. మా ఇంట్లో మిక్సీ ఉండాది మొర్రో అన్నా వినలేదు. అకౌంట్లో పడింది 27,400. కంతు నెలకి 2,800, పన్నెండు నెలలు.

మా వాడు బీకాం. వాడు ఫోనులో లెక్కేసి చూపించేదాకా నాకు అసలు సంగతి తెలీలేదు. ప్రతి కంతులో 2,500 అసలుకి పోతుంది, 300 వడ్డీకి. ఆరు నెలలకి 15,000 అసలు తీరిపోతుంది కదా, అయినా వడ్డీ మాత్రం చివరి నెల దాకా 30,000 మీదనే వేస్తారు. చేతికి వచ్చిన డబ్బుని బట్టి చూస్తే మూడు రూపాయల పావలా పైన పడింది. పోనీలే, మిక్సీని సరుకు కింద లెక్క కట్టినా రెండు రూపాయల నలభై పైసలు. (ఆ మిక్సీ జారు రెండో నెలకే కారడం మొదలైంది.)

డబ్బు కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది మీటింగు. పొద్దున ఏడున్నరకి ఒకరింటి వరండాలో కూర్చోబెడతారు. నాలుగో నెల గ్రూపులో ఒకామె మొగుడు రుయా ఆసుపత్రిలో ఉన్నాడు, ఆమె రాలేదు. ఆ కంతు వచ్చేదాకా ఎవరూ లేవకూడదన్నాడు సారు. ఎనిమిదిన్నరయింది, నా బండి కాడ గిరాకీ అంతా పోతా ఉండాది. చివరికి నలుగురం తలా 700 వేసినాం. నాది మినపప్పుకని కొంగున కట్టుకున్న డబ్బు. మర్నాడు బండి మీద వడ లేదు.

ఇవేవీ వాళ్ల ఇష్టం కాదంట. రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన రూల్సు చదివించుకున్నా. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉండే ఇళ్లకి ఇచ్చే ఈ లోన్లలో వసూలుకి పొద్దున 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత పిలవకూడదు. వడ్డీ, ఫీజులు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో కాగితం మీద ఇవ్వాలి. లోను కార్డు మనకి తెలిసిన భాషలో ఉండాలి. మనం ఒప్పుకోకుండా వస్తువులు అంటగట్టకూడదు. ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు. నేను ఐదో నెలలో మొత్తం కట్టేస్తానంటే పన్నెండు నెలల వడ్డీ కడితేనే అన్నాడు మా సారు.

లోనే తప్పని నేననను. నా మొదటి బండి పట్టణ పేదల కోసం ప్రభుత్వం నడిపే మెప్మా పొదుపు సంఘం బ్యాంకు లోనుతోనే కొన్నా. కరోనా ఏడు 2020లో బండ్ల వాళ్లకి కేంద్రం పెట్టిన స్వనిధి లోను పదివేలు రాకపోతే మళ్లీ పొయ్యి వెలిగేది కాదు. కానీ మన రాష్ట్రంలో 2010లో ఈ గ్రూపు లోన్ల ఒత్తిడికి ప్రాణాలు పోతే ప్రభుత్వం వీళ్లని కట్టడి చేసే ఆర్డినెన్సు తెచ్చింది, పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

సంతకానికి ముందు 'చేతికి ఎంత ఇస్తావు, మొత్తం ఎంత కట్టాలి' అని ఆ రెండూ రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి. ఫిర్యాదు ముందు కంపెనీకే కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకులో ఫిర్యాదులు చూసే అధికారి అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు, వివరాలకి 14448కి ఫోను చేస్తే తెలుగులోనే చెప్తారు. నేను కాగితం ఇచ్చి పదకొండు రోజులయింది.

వచ్చే మంగళవారం ఆరో కంతు. తొమ్మిది తర్వాతే వస్తానని సారుకి ఫోను చేసి చెప్పేసినా.