స్పోర్ట్స్ హిజాబ్: నాలుగు నెలలు ఆడి చూశాక

5కి 4 స్టార్లు. ఆ ఒక్కటీ ఎందుకు కోశానో చెప్తా.

మాది నిజామాబాద్. డిగ్రీ సెకండియర్, కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డ్‌ని. ఇది కొనేదాకా మామూలు కాటన్ స్కార్ఫ్ చుట్టుకుని, గడ్డం కింద ఒక పిన్ను, చెవి దగ్గర ఒక పిన్ను పెట్టుకుని ఆడేదాన్ని. పోయినేడు ఒక టోర్నీలో ఆట మొదలయ్యే ముందు రిఫరీ సార్ పిలిచి "అది తీసేసి రా, లేదంటే బెంచీ మీద కూర్చో" అన్నారు. కూర్చున్నా. పదకొండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

కోపం చల్లారాక రూల్ వెతికి చదివా. 2017 అక్టోబర్ నుంచే ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) తల కప్పుకుని ఆడనిస్తోంది. నలుపో తెలుపో జెర్సీ రంగో ఉండాలి, ముఖం కప్పకూడదు, మెడ దగ్గర బిగించి విప్పేవేవీ ఉండకూడదు. అంటే పిన్నుల విషయంలో సార్ కరెక్టే, స్కార్ఫ్ విషయంలో కాదు. ఈ రూల్ కూడా ఊరికే రాలేదు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో హిజాబ్ తీయమంటే ఖతార్ అమ్మాయిలు మంగోలియాతో మ్యాచే వదులుకున్నారు. అమెరికాలో బిల్కిస్ అబ్దుల్-ఖాదిర్ స్కూల్లోనే 3,000కు పైగా పాయింట్లు కొట్టి కూడా హిజాబ్ వల్ల ప్రొఫెషనల్ లీగుల గుమ్మం దగ్గర ఆగిపోయింది.

అందుకే పిన్నూ జిప్పూ లేని నల్లది తెప్పించా. 649 రూపాయలు. జెర్సీ గుడ్డలాగే సన్న రంధ్రాలు, బాగా సాగుతుంది, బనీను తొడుక్కున్నట్టు తల మీంచి తొడుక్కోవడమే. రీబౌండ్‌కి ఎగిరినా, కింద పడి దొర్లినా కదల్లేదు. ఏప్రిల్ ఎండలో తడిసి ముద్దవుతుంది కానీ త్వరగా ఆరుతుంది. వెనక కొసని జెర్సీలోకి దోపుకోండి, లేదంటే డిఫెండర్ చేతికి చిక్కుతుంది. తలకి నూనె పెట్టిన రోజు మాత్రం వద్దు, నుదుటి మీంచి జారిపోతుంది.

ఇక కోసిన స్టార్. చెవుల మీద గుడ్డ రెండు పొరలు. మా టీమ్‌లో సెంటర్ ఆడే అమ్మాయి "వెనకాల స్క్రీన్!" (అవతలి ప్లేయర్ దారికి అడ్డంగా నిల్చుంది) అని గొంతు చించుకుంటే నాకు వినపడలేదు, పోయి గుద్దుకున్నా. పళ్లు ఊడలేదు, అదే పదివేలు. తర్వాత టైలర్ దగ్గర లోపలి పొర చెవుల మేర కత్తిరించి అంచు కుట్టించా. ఇరవై రూపాయలు తీసుకున్నాడు. ఇప్పుడు కోచ్ తిట్లు కూడా స్పష్టంగా వినిపిస్తున్నాయి.

దీన్ని చూసైనా మా ఖాలా (అమ్మ తోబుట్టువు) నోరు మూతపడుతుందని ఆశపడకపోలేదు. "తల కప్పినవ్ సరే, అందరి ముందల ఆ ఎగురుడేంది?" అంది. 2022లో నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయిన రోజు మా ఊరి బిడ్డ అని వీధంతా మిఠాయి పంచింది కూడా ఈ ఖాలానే. గుర్తు చేస్తే "ఆ పిల్ల వేరు" అంటుంది.

పోయిన నెల మళ్లీ ఆ రిఫరీ సారే వచ్చారు. "పిన్నులున్నాయా?" "లేవు సార్." విజిల్ ఊదేశారు.

మా జూనియర్ ఒకమ్మాయి కూడా కావాలంటోంది. టీమ్‌లో అందరిదీ ఒకే రంగు ఉండాలి కాబట్టి ఆమెకీ నలుపే ఆర్డర్ పెట్టా. జుట్టు ఎక్కువ, అందుకే ఒక సైజు పెద్దది.